హాంకాక్‌లో ఎలుగుబంటి పండగ: కాఫీ కలిపినవాడి రివ్యూ

మిషిగన్ రాష్ట్రం పైకొసన, సుపీరియర్ సరస్సులోకి పొడుచుకొచ్చిన కీవెనా ద్వీపకల్పంలో ఉంటుంది హాంకాక్. కాలువకి ఇవతల హౌటన్, అవతల హాంకాక్, మధ్యలో 1959 నాటి లిఫ్ట్ బ్రిడ్జి. హౌటన్‌లో మిషిగన్ టెక్ యూనివర్సిటీ ఉంది కాబట్టి ఎమ్మెస్‌కి వచ్చిన మన పిల్లలకి ఈ వంతెన బాగా తెలుసు. నేనూ ఆ బాపతే. చదువుకునే రోజుల్లో అద్దెకున్న ఇంటి పెద్దావిడ ఫిన్నిష్ సంతతి. ఇప్పుడు చికాగో దగ్గర ఉద్యోగం చేసుకుంటున్నా, జనవరి వస్తే ఆవిడ ఫోన్ చేసి "చేతులు తక్కువయ్యాయి, రా" అంటుంది. ఈసారి మా ఆవిడనీ, ఇంకో తెలుగు ఫ్యామిలీనీ వెంటేసుకుని వెళ్ళాను.

పండగ పేరు హెయ్‌కిన్‌పైవ. జనవరి 19 సెయింట్ హెన్రిక్ పేరిట వచ్చే రోజు. నిద్రపోతున్న ఎలుగుబంటి ఆ రోజుకి ఒత్తిగిలి రెండో పక్కకి తిరుగుతుందనీ, అంటే చలికాలం సగం అయిపోయినట్టేననీ ఫిన్లండ్ పల్లెల నమ్మకం. రాగి గనుల్లో పనికి 1860ల నుంచీ ఇక్కడికి వలస వచ్చిన ఫిన్నుల మనవలూ మునిమనవలూ దాన్ని 1999 నుంచి ఊరి పండగగా చేసుకుంటున్నారు. వీధుల పేర్ల బోర్డులు కూడా రెండు భాషల్లో ఉంటాయి.

వెళ్ళడం సంగతి ముందు చెబుతాను, టెన్షన్ అంతా అక్కడే కాబట్టి. చికాగో నుంచి హాంకాక్ ఎయిర్‌పోర్టుకి చిన్న విమానం ఉంది. మంచు పడితే క్యాన్సిల్ చేస్తారు. ఏటా సగటున 200 అంగుళాలు దాటి మంచు పడే చోట 'పడితే' అనడం కూడా మర్యాదకే. కారులో ఏడు గంటల పైనే. గ్రీన్ బే దాటాక ఊళ్ళు పల్చబడతాయి, ఫోన్ సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది, జింకలు రోడ్డుకి అడ్డం పడతాయి. అయినా నా ఓటు కారుకే. వింటర్ టైర్లు, ట్యాంకు నిండా పెట్రోలు, డిక్కీలో దుప్పట్లు ఉంటే చాలు. పగటి వెలుగులోనే చేరుకునేలా బయల్దేరండి.

బస విషయానికొస్తే, మాతో వచ్చినవాళ్ళు హౌటన్ వైపు ఒక హోటల్లో దిగారు. గది శుభ్రంగానే ఉంది గానీ అది స్నోమొబైల్ (మంచు మీద నడిపే బండి) సీజన్. పార్కింగ్ నిండా ట్రైలర్లే, తెల్లారకముందే ఇంజన్ల మోత. చలికాలంలో బ్రిడ్జి కింది అంతస్తు మీద కూడా ఆ బళ్ళే తిరుగుతాయి. వదినగారికి నిద్ర లేదు, మాకు ఉప్మా లేదు. మేం హాంకాక్ గుట్ట మీద అద్దెకి తీసుకున్న ఇంటికి రేటు కాస్త ఎక్కువే. పొద్దున్నే ఇంటి ముందు మంచు తీయిస్తానన్న ఓనరు మనిషిని పంపేసరికి మధ్యాహ్నమైంది. ఈలోపు పార తీసుకుని నేనే దిగాను. కానీ ఆ ఇంట్లో కట్టెల పొయ్యి సౌనా, అంటే ఆవిరి స్నానపు గది, ఉంది. వేడెక్కిన రాళ్ళ మీద గరిటెడు నీళ్ళు పోస్తే లేచే ఆవిరి చెవుల అంచుల్ని చురుక్కుమనిపిస్తుంది. మొదట పై బల్ల మీద కూర్చుని వీరుడిలా పోజు పెట్టి, తర్వాత కింది బల్లకి దిగడం అందరూ చేసేదే. మగవాళ్ళు ఒక విడత, ఆడవాళ్ళు ఒక విడత వెళ్ళొచ్చు, మొహమాటపడాల్సిన పని లేదు. ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్తే ఇల్లే నయం. మళ్ళీ ఫిబ్రవరిలో యూనివర్సిటీ వింటర్ కార్నివాల్ ఉంటుంది, అప్పుడు గది దొరకడమే గగనం.

ఇక మా డ్యూటీ. ఫిన్నిష్ అమెరికన్ హెరిటేజ్ సెంటర్ ఒకప్పటి క్యాథలిక్ చర్చి. దాన్ని నడిపిన ఫిన్లాండియా యూనివర్సిటీ 1896లో సువోమి కాలేజీగా మొదలై 2023లో మూతపడింది. ఫిన్లాండియా ఫౌండేషన్ ముందుకొచ్చి సెంటర్ని నిలబెట్టింది. భవనం నిలిచింది గానీ, ఇదివరకు బల్లలు మోసిన కాలేజీ పిల్లలు ఇప్పుడు లేరని పెద్దావిడ బాధ. కాబట్టి మాలాంటివాళ్ళకి గిరాకీ. సంత కోసం మడత బల్లలు వేశాం, కుర్చీలు సర్దాం. నాకు కాఫీ పని పడింది. ఫిన్నులు కాఫీ తాగే వేగం చూస్తే మన కాఫీ హోటళ్ళు కూడా చేతులెత్తేస్తాయి. ఒక పాత్ర ఖాళీ అయ్యేలోపు రెండోది కాగుతుండాలి. పక్కనే 'నిసు' అనే రొట్టెని ముక్కలు కోస్తుంటారు. అది జడలా అల్లి కాల్చిన తియ్య రొట్టె, నిండా ఏలకుల పొడి. హాలంతా పెళ్ళివారిల్లులా గుప్పుమంది.

అక్కడే విలీ రుచి చూశాను. అది వాళ్ళ పెరుగు. చెంచాతో తీస్తే తెగకుండా తీగలా సాగి, గిన్నె అంచు దాటాక గానీ వదల్లేదు. మన దగ్గర అలా సాగితే పులిసి పాడైందని పారబోస్తాం. వాళ్ళకి సాగకపోతేనే లోపం. ఓడల్లో వచ్చిన పాతతరంవాళ్ళు గుడ్డ ముక్కని విలీలో ముంచి, ఎండబెట్టి, దాన్నే తోడుగా తెచ్చుకున్నారని చెబుతారు. మా ఇంటి తోడు ఎక్కడిదని పెద్దావిడ అడిగింది. నేపర్‌విల్‌లో ఒక స్నేహితుడింటి నుంచి వచ్చింది, వాళ్ళకెవరిచ్చారో వాళ్ళకే గుర్తు లేదు.

ఊరేగింపు క్విన్సీ స్ట్రీట్ మీద. ఎలుగుబంటి వేషాలు, చిన్నపిల్లలు, కుక్కలు. తర్వాత భార్యను మోస్తూ పరుగెత్తే పందెం ఉంటుంది. మా ఆవిడ ససేమిరా అంది, అదీ మంచికే. కాలువ మంచులో కోసిన గుంటలో దూకేవాళ్ళని మాత్రం వదలకుండా చూడండి.

శాకాహారులు జాగ్రత్త. పాస్టీ అనే కజ్జికాయ ఆకారపు తిండిలో సాధారణంగా గొడ్డుమాంసం ఉంటుంది. కూరగాయలది కావాలంటే ముందే అడగాలి. పన్నుకాకు అనే బేక్ చేసిన అట్టులో గుడ్లుంటాయి. లెయిపాయూస్తో జున్ను తినొచ్చు, పళ్ళ కింద కీచుమంటుంది. పచ్చళ్ళూ పొడులూ మీవే తెచ్చుకోండి.

క్విన్సీ రాగి గని లోపలికి దింపే టూరు వేసవి సీజన్లోనే. ఈసారికి గుట్ట మీది షాఫ్ట్ భవనాన్ని రోడ్డు మీంచే చూశాం. దారి బాగుంటే దగ్గర్లోని కాల్యుమెట్ ఊరికి వెళ్ళిరండి. రాగి గనుల్లో సమ్మె జరుగుతున్న 1913లో, డిసెంబర్ 24న అక్కడి ఇటాలియన్ హాల్లో కార్మికుల పిల్లల క్రిస్మస్ వేడుక. ఎవరో "మంటలు" అని అరిచారు. నిజానికి మంటలు లేవు. మెట్ల మీద తొక్కిసలాటలో 73 మంది పోయారు, ఎక్కువమంది పిల్లలే, వారిలో ఫిన్నుల బిడ్డలే అధికం. హాలు కూల్చేశారు, గుమ్మం కమాను ఒక్కటే మిగిలింది. చుట్టూ మంచు మోకాలి దాకా ఉంది, అయినా దిగి చూశాం.

పెద్ద హంగామా కావాలంటే ఫిన్‌ఫెస్ట్ అనే ఫిన్నిష్ అమెరికన్ల పండగ 2023 నుంచి మిన్నెసోటా రాష్ట్రంలోని దులూత్‌లో జరుగుతోంది. కచేరీలూ ఉపన్యాసాలూ అన్నీ ఉంటాయి, హోటళ్ళకీ కొదవ లేదు. హాంకాక్‌లో మాత్రం మీకు ఎవరూ షెడ్యూలు వివరించరు, ఏప్రాన్ చేతిలో పెడతారు. వెళ్ళేముందు హెరిటేజ్ సెంటర్‌కి ఒక మెయిల్ పెట్టి ఏం సాయం కావాలో అడగండి. సోమవారం సెలవు కూడా ముందే పెట్టేసుకోండి, ఆదివారం రోడ్డు తెరిచి ఉంటుందన్న గ్యారంటీ లేదు.