నాలుగేళ్లు వాడాక: ఈ స్కాన్ మిషన్‌లో నాకు కావాల్సింది రివైండ్ ఒక్కటే

హన్మకొండలో ఒక చిన్న ఆస్పత్రిలో మత్తు డాక్టర్‌ని. లీనియర్ ప్రోబ్ (చర్మానికి దగ్గరగా ఉన్నవి చూసేందుకు ఒంటికి ఆనించే పిడి) ఉన్న ఈ పోర్టబుల్ అల్ట్రాసౌండ్ మిషన్ మా థియేటర్‌కి వచ్చి నాలుగేళ్లయింది. బరువెంత, స్క్రీన్ ఎంత అన్నవి అమ్మేవాళ్లే చెబుతారు. నేను చెప్పేది ఫ్రీజ్ నొక్కి బొమ్మ ఆపాక, మిషన్ మీదుండే ట్రాక్‌బాల్ బంతి తిప్పి, గడిచిన కొన్ని సెకన్లు మళ్లీ చూసుకోవడం గురించి. డెమో రోజు దాన్ని నేను పట్టించుకోనే లేదు.

మొదటి ఏడాది అందరికీ ఒకటే మాట చెప్పేవాణ్ణి: బొమ్మ ఎంత స్పష్టమంటే, స్కాన్‌లో పొట్ట కండరాలు గుర్తుపట్టడం వారంలో వచ్చేస్తుందని. అప్పట్లో నేను చూసినవాళ్లంతా పరకాల, నర్సంపేట వైపు నుంచి హెర్నియాతో వచ్చే బక్కపలచటి రైతులు. నడుము పక్కన ప్రోబ్ ఆనిస్తే కొత్తవాడ దరీలు మడతపెట్టి పేర్చినట్టు మూడు పొరలు కనిపించేవి. పైన ఎక్స్‌టర్నల్ ఆబ్లిక్, నడుమ కాస్త మందంగా ఇంటర్నల్ ఆబ్లిక్, అడుగున పలచగా ట్రాన్స్‌వర్సస్. టాప్ బ్లాక్, అంటే ఆపరేషన్ నొప్పి తెలియకుండా పొట్ట గోడ నరాలకి ఇచ్చే మత్తు ఇంజెక్షన్; ఆ మందు అడుగు రెండింటి మధ్య పడాలి, నరాలు నడిచేది అక్కడే. 2001లో ఈ బ్లాక్ గురించి మొదట రాసినప్పుడు స్కాన్ ఊసే లేదు, సూది పొర దాటినప్పుడు చేతికి తెలిసే చిన్న కుదుపే ఆధారం. స్క్రీన్ ఉన్న నాకేం భయం అనుకున్నా.

తర్వాత ఒక లావాటి ఆయన వచ్చాడు. స్పైనల్ (వెన్నులో ఇచ్చే మత్తు) ఇవ్వకముందే ఒకసారి స్కాన్ చేసి క్లిప్ దాచిపెట్టా. డెప్త్, అంటే స్క్రీన్ మీద కనిపించే లోతు, ఎప్పటిలాగే 4 సెంటీమీటర్లు. పైనుంచి ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టా, సరిపోయింది. ఆపరేషన్ అయ్యాక రెండుకీ మూడుకీ మధ్య 20 మిల్లీలీటర్ల మందు వేసి, బ్రహ్మాండంగా పరుచుకుందని సిస్టర్‌కి కూడా చూపించా. సాయంత్రం స్పైనల్ దిగగానే ఆయన "సారూ, కోసినకాడ మస్తు నొప్పి" అని ఒకటే మూలుగు.

రాత్రి క్లిప్ తీసి వెనక్కీ ముందుకీ తిప్పా. పొట్ట బిగించమన్నప్పుడు నేను ఒకటో నంబరు అనుకున్న పొర మందం ఇసుమంత కూడా మారలేదు. అది కండరం కాదు, కొవ్వు! కొవ్వు మధ్యలో అడ్డంగా ఉండే తెల్లటి పొరను కండరం పైగీత అనుకున్నా. నా రెండు అసలు ఒకటి, నా మూడు అసలు రెండు. ట్రాన్స్‌వర్సస్ స్క్రీన్ కింద ఎక్కడో ఉండిపోయింది. మందు ఒక అంతస్తు పైన పడిందన్నమాట. క్లిప్ లేకపోతే మందు పని చేయలేదని సరిపెట్టుకునేవాణ్ణేమో.

ఇప్పుడు ముందు డెప్త్ పెంచుతా. పేగులు మెల్లగా మెలికలు తిరుగుతూ కనిపించాలి, అక్కడి నుంచి పైకి లెక్క. అప్పటికీ అనుమానముంటే ప్రోబ్‌ని పొట్ట నడిమికి తెచ్చి, అక్కడ నిలువుగా ఉండే రెక్టస్ కండరాన్ని దొరకబుచ్చుకుని పక్కకి జరుపుకుంటూ వెళ్తా. రెక్టస్ సన్నబడి అయిపోయాక పొరలు ఒక్కొక్కటే మొదలవుతాయి. ఇంకో సంగతి: "పొట్ట లోపలికి పీల్చండి" అంటే జనం గుండెల నిండా గాలి పీలుస్తున్నారు. "బొడ్డు లోపలికి గుంజుకో" అంటే చాలు, ట్రాన్స్‌వర్సస్ ఉబ్బి పక్కకి జరుగుతుంది. ఆ జారుడు చూస్తుండగా కంటికి అందదు, వెనక్కి తిప్పితేనే తెలుస్తుంది.

కాబట్టి వారం మాట వెనక్కి తీసుకుంటున్నా. సన్నటివాళ్ల వరకు అది నిజమే. ఆరోగ్యశ్రీ కేసులే ఎక్కువుండే మా చోట సన్నటివాళ్లు ఎక్కువ, నగరాల్లో లెక్క వేరేగా ఉండొచ్చు. ఇంట్లో ప్రాక్టీస్ చేద్దామని కొనేవాళ్లు ఆగండి. 1994 నాటి లింగనిర్ధారణ నిషేధ చట్టం కింద స్కాన్ మిషన్‌ని రిజిస్టర్ చేయించిన చోటు దాటించకూడదు, అరచేతిలో పట్టేదైనా సరే. నా సొంత పొట్ట మీద సాధన కూడా థియేటర్లోనే, మధ్యాహ్నం కేసులు లేని వేళ, తలుపు వేసుకుని.

బ్యాటరీ ఇప్పుడు అరగంట కూడా రావట్లేదు. బంతి కుడివైపుకి తిరగడం మానేసింది, ఎడమకి, అంటే వెనక్కి, బాగానే తిరుగుతోంది. అందుకే ఇంకా రిపేరుకి ఇవ్వలేదు.