పాత డెస్క్‌టాప్‌కి క్రూషియల్ బీఎక్స్500 ఎస్ఎస్‌డీ: మా డీటీపీ షాపులో వాడి చూశాక

హన్మకొండలో నాది చిన్న డీటీపీ షాపు. పెళ్లి పత్రికలు, విజిటింగ్ కార్డులు, కరపత్రాలు, బిల్లు పుస్తకాలు మా పని. పేజ్‌మేకర్, కోరెల్‌డ్రా, ఫొటోషాప్, వాటిలోకి తెలుగు అక్షరాలకు అను ఫాంట్లు. ఇదంతా నడిచేది ఒక పాత డెస్క్‌టాప్ మీద: ఇంటెల్ ఐ3-4130 ప్రాసెసర్, హెచ్81 మదర్‌బోర్డు, 4 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్‌డిస్క్. 2023లో దానికి క్రూషియల్ బీఎక్స్500, 480 జీబీ ఎస్ఎస్‌డీ (హార్డ్‌డిస్క్ పని చేసే, చిప్పులతో ఉండే డ్రైవ్) వేయించాను. మూడు వేల లోపే పడింది. అప్పటి నుంచి రోజూ దాని మీదే పని. ఇలాంటి పాత సిస్టమ్‌కి ఇంతకన్నా పనికొచ్చే ఖర్చు నాకు కనిపించలేదు.

అంతకుముందు పొద్దున షట్టర్ ఎత్తి, షాపు ఊడ్చి, దేవుడికి దీపం పెట్టేదాకా విండోస్ ఆన్ అవుతూనే ఉండేది. పత్రిక ప్రూఫ్ చూడ్డానికి వచ్చినవాళ్లు "అక్కా, ఇంకా ఓపెన్ కాలేదా?" అని అడుగుతుంటే టెన్షన్. ముహూర్తాల సీజన్‌లో ఒక్కో ఫైలుకు అంతసేపు ఎదురుచూడటం అంటే ఇంకో కస్టమర్ పక్క షాపుకు వెళ్లిపోవడమే. రిపేరుకు చూపిస్తే ఒకాయన "సిస్టమ్ పాతదైంది, మొత్తం మార్చేయండి మేడం" అన్నాడు, కవర్ కూడా విప్పకుండా. ఆ మాటతో చాలామంది ముప్పై, నలభై వేలు పెట్టేస్తారు. అది నాకు బాధగా ఉంటుంది, ఎందుకంటే లోపం ఎక్కడుందో కంప్యూటరే చెప్తుంది. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పెర్ఫార్మెన్స్ చూడండి. మా దాంట్లో ప్రాసెసర్ ఖాళీగానే ఉంది. ర్యామ్ దాదాపు నిండింది. డిస్క్ మాత్రం వంద శాతం దగ్గర కదలకుండా నిలబడింది.

అంటే ఏమిటో మా పనిలోంచే చెప్తాను. కోరెల్‌డ్రాలో ఒక పత్రిక ఫైలు మీద డబుల్ క్లిక్ చేశామనుకోండి. ఆ ఫైలూ, కోరెల్‌డ్రా ప్రోగ్రామూ, అది అడిగే ఫాంట్లూ అన్నీ హార్డ్‌డిస్క్‌లో ఉంటాయి. అక్కడి నుంచి శాటా కేబుల్ మీదుగా మదర్‌బోర్డుకు, అక్కడి నుంచి ర్యామ్‌లోకి వస్తాయి. ప్రాసెసర్ ర్యామ్‌లో ఉన్నదాని మీదే లెక్కలు చేస్తుంది. మా సిస్టమ్‌కి వేరే గ్రాఫిక్స్ కార్డు లేదు. బొమ్మ గీసి మానిటర్‌కు పంపే పని ప్రాసెసర్‌లోనే ఉన్న గ్రాఫిక్స్ చేస్తుంది, దానికోసం ర్యామ్‌లోంచే కొంత వాటా తీసుకుంటుంది. సేవ్ కొట్టినప్పుడు ర్యామ్‌లోది తిరిగి డిస్క్‌కు వెళ్తుంది. కరెంటు పోతే ర్యామ్‌లోది పోతుంది, డిస్క్‌లోది ఉంటుంది. ఈ దారిలో ఒక్కచోట ఆలస్యమైనా మిగతావన్నీ ఖాళీగా కూర్చుంటాయి.

ఆలస్యం హార్డ్‌డిస్క్ దగ్గరే ఎందుకంటే, అందులో నిజంగా పళ్లేలు తిరుగుతుంటాయి. నిమిషానికి 7200 చుట్లు, అంటే సెకనుకు 120. ఒక చుట్టుకు 8 మిల్లీసెకన్ల పైనే. కావాల్సిన ముక్క ఉన్నచోటికి డేటా చదివే హెడ్ జరగాలి, ఆ చోటు తిరిగి హెడ్ కిందికి రావాలి. పెద్ద సినిమా ఫైలు ఒకే వరుసలో ఉంటే పెద్దగా ఇబ్బంది లేదు. మా దగ్గర ఉన్నవి వందల కొద్దీ చిన్న చిన్న ఫాంట్ ఫైళ్లు, విండోస్ ఫైళ్లు. ఒక్కోదానికి హెడ్ వెతుక్కుంటూ పోవాల్సిందే. ఎస్ఎస్‌డీలో తిరిగేది, కదిలేది ఏమీ లేదు. అంతా చిప్పులే. డబ్బా మీద సెకనుకు 540 ఎంబీ చదువుతుందని గొప్పగా ఉంటుంది కానీ, నాకు ఉపయోగపడింది ఆ అంకె కాదు, చిన్న ఫైళ్ల దగ్గర వెతుకులాట పోవడం.

కొన్నది సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గర పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో. అందరూ సీటీసీ అనే చోటు. డబ్బాలో డ్రైవ్ తప్ప కేబుల్ ఉండదు, బిగించే క్లాంపు ఉండదు. డెస్క్‌టాప్‌కి పెట్టేవాళ్లు శాటా డేటా కేబుల్ విడిగా అడిగి తీసుకోండి. పవర్ వైరు కేబినెట్‌లో కరెంటు అందించే ఎస్ఎంపీఎస్ నుంచే వస్తుంది. ఇంకో ముఖ్యమైన సంగతి. హెచ్81 చిప్‌సెట్‌లో శాటా పోర్టులు నాలుగు, వాటిలో రెండే 6 గిగాబిట్ల వేగానివి, మిగతా రెండు 3 గిగాబిట్లవి. ఎస్ఎస్‌డీని వేగం ఉన్న పోర్టుకే పెట్టించాలి, లేకపోతే సగం వేగం బోర్డు దగ్గరే ఆగిపోతుంది. ఎం.2 రకం చిన్న పట్టీలాంటి ఎస్ఎస్‌డీలు బాగుంటాయని ఎవరైనా చెప్తే, ముందు మీ బోర్డు మీద ఆ స్లాట్ ఉందో లేదో చూసుకోండి. మా బోర్డుకు లేదు.

పాత డిస్క్‌లోని విండోస్‌ని ఉన్నది ఉన్నట్టుగా కొత్తదానిలోకి ఎక్కించడానికి క్రూషియల్ వాళ్లే అక్రోనిస్ సాఫ్ట్‌వేర్ ఉచితంగా ఇచ్చారు. అది నాకు పెద్ద మేలు. అను ఫాంట్లు, ప్రింటర్ సెట్టింగులు, కలర్ ప్రొఫైళ్లు మళ్లీ మొదటి నుంచి పెట్టుకోవాలంటే ఒక రోజు పని పోయేది. 480 జీబీ అన్నది విండోస్‌లో 447గా కనిపిస్తుంది, కంగారు పడకండి. కంపెనీ లెక్క వెయ్యితో, విండోస్ లెక్క 1024తో.

అదే రోజు ఇంకో 4 జీబీ ర్యామ్ కూడా వేయించాను. ఈ బోర్డుకు డీడీఆర్3 రకం ర్యామ్ మాత్రమే పడుతుంది. డీడీఆర్4 గాటు వేరేచోట ఉంటుంది, దూరనే దూరదు. రెండు స్లాట్లలో సమానమైనవి రెండు ఉంటే ప్రాసెసర్ రెండింటితో ఒకేసారి మాట్లాడుతుంది. గ్రాఫిక్స్ కూడా ర్యామ్‌నే వాడుకునే మాలాంటి సిస్టమ్‌లకు అది లాభం.

ఇప్పుడు దీపం వెలిగించేలోపే డెస్క్‌టాప్ రెడీగా ఉంటుంది. కోరెల్‌డ్రా, ఫొటోషాప్ రెండూ తెరిచిపెట్టుకుని ఫోన్‌లో వచ్చిన ఫొటోలు లాగి పెడుతుంటే ఎక్కడా పట్టుకోవడం లేదు.

మారనివి కూడా ఉన్నాయి. పెద్ద ఫ్లెక్సీ డిజైన్‌ని పీడీఎఫ్‌గా మార్చేటప్పుడు, ఫొటోషాప్‌లో బరువైన ఫిల్టర్ వేసేటప్పుడు పట్టే సమయం దాదాపు అంతే, ఎందుకంటే అది ప్రాసెసర్ పని, మా దాంట్లో ఉన్నవి రెండే కోర్లు. బీఎక్స్500 తక్కువ ధర రకం, లోపల విడిగా డీరామ్ చిప్ (డ్రైవ్ తన పనికి వాడుకునే చిన్న మెమరీ) ఉండదు. పదుల జీబీలు ఒకేసారి కాపీ చేస్తే మధ్యలో వేగం తగ్గడం ఈ రకం డ్రైవ్‌ల స్వభావం. రోజంతా వీడియో ఎడిటింగ్ చేసేవాళ్లు డీరామ్ ఉన్నది చూసుకుంటే మంచిది. మూడేళ్ల వారంటీ, 480 జీబీకి 120 టీబీ రాసేంత ఆయుష్షు కంపెనీ చెప్తుంది. రోజుకు 60 జీబీ రాసినా ఐదేళ్లు దాటుతుంది. పత్రికల పనిలో అంత ఎవరు రాస్తారు?

పాత హార్డ్‌డిస్క్‌ని పారేయలేదు. అది అదే కేబినెట్‌లో ఉంది, పూర్తయిన డిజైన్లన్నీ అందులోకి వెళ్తాయి. పోయేముందు హార్డ్‌డిస్క్ చాలాసార్లు టకటకమని చప్పుడు చేస్తుంది. ఎస్ఎస్‌డీ ఏ చప్పుడూ లేకుండా ఒక్కసారిగా ఆగిపోవచ్చు, అందులోంచి డేటా తీయడం ఇంకా కష్టం. అందుకే రెండో కాపీ తప్పనిసరి. యూపీఎస్ కూడా.

ఐ3-4130 నాలుగో తరం ప్రాసెసర్. మైక్రోసాఫ్ట్ లెక్క ప్రకారం విండోస్ 11కు ఇంటెల్‌లో ఎనిమిదో తరం నుంచి కావాలి. విండోస్ 10కు మామూలు సపోర్టు, అంటే భద్రతా అప్‌డేట్లు రావడం, 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. అందుకే ఈ సిస్టమ్‌లో బ్యాంకు పనులేవీ చేయను, డిజైనింగ్‌కే ఉంచాను. ఆన్‌లైన్ లావాదేవీలకు కూడా ఒకే కంప్యూటర్ వాడేవాళ్లు మాత్రం ప్రాసెసర్ ఏ తరమో చూసుకున్నాకే ఎస్ఎస్‌డీ మీద డబ్బు పెట్టండి. ఎనిమిదో తరమో ఆ తర్వాతదో ఉండి, ఇంకా హార్డ్‌డిస్క్ మీదే నడుస్తుంటే ఈ వారమే మార్పించండి.