రీడింగ్ కిట్ కొనేముందు బొమ్మ మూసి చదివించండి

"నెల తిరక్కుండా మీ బిడ్డ గడగడా చదువుతుంది" అని అమ్ముతున్న కిట్లు, యాప్‌లు కొనబోతున్న తల్లిదండ్రులకు ఈ హెచ్చరిక. డబ్బు కట్టేముందు శాంపిల్ పేజీ తెరిచి, బొమ్మను చేత్తో మూసి, బిడ్డ చేత చదివించండి.

చాలా కిట్లు అక్కడే దొరికిపోతాయి. పేజీకో వాక్యం: "ఇది పిల్లి", "ఇది కుక్క", "ఇది కోతి". మూడో పేజీకల్లా "ఇది" నోటికొచ్చేస్తుంది, మిగతాది బొమ్మ చెప్పేస్తుంది. అక్షరాలతో పనే ఉండదు. అలాంటివి పది పుస్తకాలు పూర్తిచేసిన బిడ్డకు "కోతి" అని తెల్లకాగితం మీద రాసి చూపిస్తే నోరు పెగలదు. ఊహించడం అలవాటు చేసింది ఆ పుస్తకాలే, బిడ్డను తిట్టకండి. ఇంకా గట్టి పరీక్ష కావాలంటే "మిటుకె", "సోబు" లాంటి అర్థంలేని మాటలు రాసివ్వండి. వాటిని బట్టీ పట్టి చెప్పడం కుదరదు.

రెండో చిక్కు లెవెళ్లలో. పేజీలో మాటలు తక్కువుంటే చాలు, "లెవెల్ 1" అని ముద్రవేస్తారు. ఉన్న రెండు మాటల్లో ఒకటి "రాష్ట్రం" అయితే అది మొదటి మెట్టు ఎలా అవుతుంది? ముందు పలక, వల, గడప లాంటి మాటలు, ఆపైన గుణింతాలు, తర్వాత గడ్డి, బొబ్బ లాంటి ద్విత్వాలు, చివర్లో సంయుక్తాలు రావాలి. త, న, మ, య, ర ఒత్తులు అసలు అక్షరాన్ని పోలి ఉండవు కాబట్టి వాటికి విడిగా సాధన పేజీలుండాలి.

గుణింతం పాటగా మాత్రమే ఉన్న కిట్ వద్దు. "కె" చదవాలంటే బిడ్డ "క, కా, కి" నుంచి పాడుకుంటూ రావాల్సొస్తుంది. వరుస మార్చి చూపించడానికి విడి కార్డులున్నాయా అని అడగండి. ప–వ, మ–య లాంటి జంటలను ఒకే రోజు పరిచయం చేస్తే పిల్లలు కలిపేసుకుంటారు.

యాప్ తనే పైకి చదువుతూ మాటకు రంగు వేస్తుంటే బిడ్డ చేసేది వినడమే. ఆ గొంతు ఆపే వీలుందో లేదో చూడండి. ఉచిత ట్రయల్ సాధారణంగా లోపం బయటపడేలోపే ముగుస్తుంది, కార్డు వివరాలిచ్చేముందే ఆటో రెన్యువల్ ఎక్కడ ఆపాలో చూసుకోండి.

రంగు కళ్లద్దాలు, కంటి వ్యాయామాలు డిస్లెక్సియాను (తెలివి ఉన్నా చదవడం కష్టమయ్యే సమస్యను) తగ్గిస్తాయన్న మాట నమ్మొద్దు. వాటికి శాస్త్రీయ ఆధారం లేదని అమెరికాలోని పిల్లల వైద్యుల సంఘం అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ నేత్రవైద్య సంఘాలతో కలిసి 2009లోనే ప్రకటించింది. మామూలు చూపు పరీక్ష మాత్రం తప్పక చేయించండి.

ఇప్పటికే కొనేసినవాళ్లు పారేయనక్కర్లేదు. బొమ్మకు కాగితం అడ్డుపెట్టండి. వంద మాటల్లో ఐదుకు మించి తప్పులొస్తే ఆ పుస్తకం ప్రస్తుతానికి బరువే. తగిన పుస్తకం దొరికాక యాభై, అరవై మాటల భాగాన్ని పక్కన కూర్చుని మూడు నాలుగుసార్లు పైకి చదివించండి. తడబడితే వెంటనే మాట అందించకండి. ఐదు సెకన్లు ఆగి, చిక్కిన అక్షరం మీద వేలు పెట్టండి. రోజుకు పదిహేను నిమిషాలు చాలు.