లోపలి గొంతును నమ్మవచ్చునా: ఎమర్సన్ దారి, ట్వైన్ దారి

అమెరికన్ సాహిత్యంలోకి తొలిసారి అడుగుపెట్టే తెలుగు పాఠకుని ముందు 19వ శతాబ్దం రెండు దారులను ఉంచుతుంది. ఒకటి మసాచుసెట్స్‌లోని కాంకర్డ్ ఊరు కేంద్రంగా 1830లలో రూపుదిద్దుకున్న ట్రాన్సెండెంటలిజం, అంటే లోకాచారం కన్నా మనిషి అంతరాత్మకే పెద్దరికమిచ్చే భావధార. మరొకటి అంతర్యుద్ధం తరువాత బలపడిన వాస్తవికతావాదం. మనస్సాక్షి అనే ఒక్క విషయం దగ్గర నిలిపి చూస్తే ఈ రెండింటి తేడా తేటతెల్లమవుతుంది.

మొదటి దారి మనకు పరాయిదిగా తోచదు. ఆ దారికి పెద్ద దిక్కైన రచయిత రాల్ఫ్ వాల్డో ఎమర్సన్ 1857లో ‘బ్రహ్మ’ అనే పేరుతోనే కవిత ప్రచురించాడు. కాంకర్డ్ దగ్గరి వాల్డెన్ చెరువులో కోసిన మంచుగడ్డలు ఓడల్లో మద్రాసు, కలకత్తాలకు చేరతాయని తలచి, గీతను ఇష్టంగా చదివిన ఆయన మిత్రుడు, రచయిత థోరో, తన చెరువు నీరు గంగాజలంలో కలుస్తున్నదని మురిసిపోయాడు. మద్రాసు తీరంలోని ఐస్‌హౌస్ ఆ వ్యాపారం కోసం కట్టినదే. లోపలి గొంతు చెప్పినదే సత్యమనీ, లోకం అడ్డు వస్తే లోకాన్నే ఎదిరించాలనీ వీరు నమ్మారు. బానిసత్వాన్ని కాపాడే ప్రభుత్వానికి తలపన్ను కట్టనని థోరో 1846లో ఒక రాత్రి జైలులో గడిపాడు. ఆ తెగువకు నేను మనసారా తలవంచుతాను.

అయినా ఆ లోపలి గొంతుకు మాటలు నేర్పినది కూడా సమాజమే కావచ్చునన్న అనుమానం వారిని అంతగా బాధించలేదు. ఆ అనుమానాన్ని కథగా నడిపినవాడు రెండవ దారికి చెందిన నవలాకారుడు మార్క్ ట్వైన్. 1884లో వెలువడిన ఆయన నవల ‘అడ్వెంచర్స్ ఆఫ్ హకిల్‌బెరీ ఫిన్’లో, పారిపోతున్న బానిస జిమ్‌తో కలిసి తెప్ప మీద మిసిసిపీ నదిలో సాగే కుర్రవాడు హక్‌ను, పరుల ఆస్తిని అపహరిస్తున్నావని పొడుచుకుతింటున్నది అతని మనస్సాక్షే. జిమ్ ఆచూకీ తెలుపుతూ అతని యజమానురాలికి ఉత్తరం రాయగానే అతనికి పాపం కడిగేసుకున్నంత తేలికవుతుంది. అంతలోనే, హక్ వంతు కాపలా కూడా తానే కాస్తూ అతణ్ణి నిద్రపోనిచ్చిన జిమ్ గుర్తుకు వస్తాడు. హక్ వణుకుతూ, ఊపిరి బిగపట్టి, సరే, నరకానికే పోతానని ఆ కాగితాన్ని చింపేస్తాడు. ఇదంతా కుర్రవాడి యాసలోనే సాగుతుంది. 1897లో కన్యాశుల్కం అచ్చు కావడం ఎంత పెద్ద సంగతో తెలిసిన మనకు ఆ భాషాసాహసం ఇట్టే అందుతుంది.

అందువల్లనే నేను రెండవ దారికే పెద్దపీట వేస్తాను. ఆ నవలకు లోపం లేకపోలేదు. యజమానురాలి వీలునామాతో జిమ్ అప్పటికే విముక్తుడయ్యాడని తెలిసి కూడా హక్ స్నేహితుడు టామ్ సాయర్ అతనితో ఆటలాడే చివరి అధ్యాయాలు జిమ్‌కు అన్యాయమే చేశాయి. ఉత్తరం చింపిన 31వ అధ్యాయం స్థాయికి ఆ పుటలు చేరుకోలేదు.