ఆన్‌లైన్ వైద్య సలహా: కాల్ కంటే ముందు పంపే ఫైళ్లతోనే సగం పని

బీపీ, షుగర్, చర్మ సమస్యలకు ఇంటి నుంచే డాక్టర్‌తో మాట్లాడే పద్ధతిని ఏళ్లుగా వాడుతున్నాం. యాప్ ఏదైనా పెద్ద తేడా లేదు. కాగితాలు ముందురోజే సర్ది పంపామా లేదా అన్నదే తేడా. పంపకపోతే కాల్ టైమంతా పాత రిపోర్టులు వెతకడానికే పోతుంది.

ఫైళ్లకు ఫోన్ పెట్టిన పేర్లు ఉంచొద్దు. ‘2025-03-14 క్రియాటినిన్’ (కిడ్నీల పనితీరు చూసే రక్తపరీక్ష) అని ముందు సంవత్సరం, తర్వాత నెల, రోజు రాస్తే ఫోల్డర్ దానంతటదే తేదీల వరసలోకి వస్తుంది. అన్నిటికంటే పైన ఒక్క పేజీ ఉండాలి. అందులో మందులు, మోతాదు, వేసుకునే వేళ, అలర్జీలు, అడగాల్సిన రెండు మూడు ప్రశ్నలు. యూనిట్లు తప్పనిసరి. లీటరుకు 7 మిల్లీమోల్స్ షుగరన్నా, డెసిలీటరుకు 126 మిల్లీగ్రాములన్నా ఒకటే. ఉత్త అంకె పంపితే అవతలివాళ్లు ఊహించుకోవాలి.

బీపీ ఒక్కసారి చూసి పంపడం దండగ. 7 రోజులు, ఉదయం రెండుసార్లు, సాయంత్రం రెండుసార్లు, నిమిషం ఎడంతో చూసి, మొదటి రోజువి వదిలేసి సగటు కట్టాలి. ఇంట్లో చూసిన సగటు 135/85 లేదా అంతకు మించితే ఎక్కువ కిందే లెక్క. చూసే ముందు అరగంట కాఫీ, పొగ, వ్యాయామం వద్దు. వీపు ఆనించి, పాదాలు నేల మీద పెట్టి, 5 నిమిషాలు మాట్లాడకుండా కూర్చోవాలి. చెయ్యి గుండె ఎత్తున ఉండాలి. చేతి లావుకు పట్టీ చిన్నదైతే బీపీ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. ఆ అంకెలు నమ్మి డాక్టర్ మోతాదు పెంచితే కళ్లు తిరిగి పడిపోవచ్చు కూడా. అందుకే మెషీన్ కొనేముందు టేపుతో భుజానికీ మోచేతికీ మధ్య చేతి చుట్టుకొలత చూడండి. వేలికి తగిలించే మెషీన్‌తో ఆక్సిజన్ చూసేటప్పుడు గోళ్లరంగు తీసేసి, వేళ్లు చల్లగా ఉంటే వెచ్చబెట్టాలి.

ఫొటోలు మెసేజీలో మామూలుగా పంపితే కుదించుకుపోయి వివరాలు పోతాయి, డాక్యుమెంట్‌గా పంపాలి. ఫ్లాష్ వద్దు, కిటికీ వెలుతురు చాలు. శరీరంలో ఎక్కడో తెలిసేలా దూరం నుంచి ఒకటి, పక్కన స్కేలు పెట్టి దగ్గర నుంచి ఒకటి. కెమెరాలో లొకేషన్ ఆపేయండి, లేకపోతే ఫొటోతోపాటు మీ ఇంటి జాడా వెళ్తుంది. ఎక్స్‌రే ఫిల్మును ఫొటో తీసి పంపితే సన్నటి పగుళ్లు కనిపించకపోవచ్చు. తీసిన చోటే డైకామ్ ఫైలు (స్కానింగ్ బొమ్మల అసలు డిజిటల్ ఫైలు) అడిగి తీసుకోవాలి.

నెట్ తడబడితే వీడియో ఆపేసి మాట ఒక్కటే ఉంచండి. ఫైళ్లు ముందే అందాయి కనుక చాలావరకు సరిపోతుంది.

పొట్ట నొక్కి చూడటం, ఊపిరితిత్తుల చప్పుడు వినడం ఈ దారిలో కుదరవు. ఛాతీ నొప్పి, మూతి వంకర పోవడం, ఊపిరాడకపోవడం ఉంటే యాప్ తెరవకుండా నేరుగా అంబులెన్సు పిలవాలి.

కాల్ అయ్యాక కొత్త మోతాదు డాక్టర్‌కే తిరిగి చదివి వినిపించి, మందుల పేజీని అప్పుడే మార్చండి. ఆపేసిన మందు పక్కన తేదీ, కారణం రాయండి. లేకపోతే మరో డాక్టర్ దాన్నే మళ్లీ రాసే ప్రమాదం ఉంది.