లేయర్ పుంజుపిల్లలు: చంపడమా, పెంచడమా, గుడ్డులోనే ఆపడమా? ఏది మేలు?

గుడ్ల కోసం పెంచే కోళ్లని లేయర్లంటారు. లేయర్ హ్యాచరీలో (గుడ్లు పొదిగించే కేంద్రంలో) పొదిగిన పిల్లల్లో సగం పుంజులే. అవి గుడ్డు పెట్టవు, బ్రాయిలర్‌లా కండా పట్టవు. 21వ రోజు హ్యాచర్ నుంచి తీసిన పిల్లల్ని వేరు చేసే బల్ల దగ్గరే వాటి సంగతి తేలిపోతుంది. రెక్క విప్పి చూస్తే పెద్ద ఈకలు పైవరస ఈకల కన్నా పొడుగ్గా ఉంటే పెట్ట, సమానంగానో పొట్టిగానో ఉంటే పుంజు. పెట్టపిల్ల టీకా బల్ల మీదికి, పుంజుపిల్ల పక్క డబ్బాలోకి వెళతాయి. ప్రపంచమంతా కలిపి ఏటా ఇలా పక్కకు పోయే పుంజుపిల్లలు 700 కోట్ల దాకా ఉంటాయని అంచనా.

ఆ పక్క డబ్బాకి ఉన్న దారులను పోల్చే ముందు రెండింటిని పూర్తిగా తీసేయాలి. మొదటిది, గోనెసంచుల్లో కుక్కి వదిలేయడం, డ్రమ్ముల్లో వేసి మూత పెట్టడం, నీళ్లలో ముంచడం. అప్పుడే పుట్టిన పిల్ల కడుపులో పచ్చసొన మిగిలి ఉంటుంది. దాని బలంతో తిండీ నీళ్లూ లేకుండా రెండు మూడు రోజులు బతకగలదు. అంటే సంచిలో అడుగున పడ్డవి ఊపిరాడక ముందుగా చచ్చిపోతాయి, పైనున్నవి గంటల తరబడి కొట్టుకుంటాయి. జంతు హింస నివారణ చట్టం 1960 ప్రకారం అనవసరమైన బాధ పెట్టడం నేరం. ఇది ఆ మాటకు సరిగ్గా సరిపోతుంది.

రెండోది, రంగులద్ది సంతల్లోనూ బడుల ముందూ అమ్మడం. బతకనిచ్చారు కదా అని చాలామంది దీన్ని దయగా చూస్తారు. మొదటి వారం పిల్లకి 95 డిగ్రీల ఫారన్‌హీట్ వేడి కావాలి. పొద్దున ఎండలో, సాయంత్రం చలిగాలిలో ఉండే బుట్టలో ఆ వేడి నిలవదు. టీకాలు ఉండవు, పిల్లలాడే చేతుల్లో నలిగిపోతుంది. వీటిలో చాలావరకు వారం తిరక్కుండానే పోతాయి. చంపే పనిని పసివాళ్ల చేతికి అప్పగించడమే ఇది.

ఇక నిజంగా పోల్చదగినవి.

మర, వాయువు

యూరప్‌లో 2009 నాటి నిబంధన పొదిగిన 72 గంటల లోపు పిల్లల్ని వేగంగా తిరిగే బ్లేడ్ల మరతో చంపడానికి అనుమతిస్తుంది. చూడ్డానికి భయంకరంగా ఉంటుంది, కానీ సరిగ్గా నడిస్తే రెప్పపాటులో అయిపోతుంది. తేడా వచ్చేదంతా నడపడంలోనే. మోటారు పూర్తి వేగం అందుకోకముందే పిల్లల్ని వేస్తే, డబ్బాడబ్బా ఒక్కసారిగా గుమ్మరిస్తే, బ్లేడ్లు మొద్దుబారితే కొన్ని సగం దెబ్బతో మిగులుతాయి. అందుకే బెల్టు మీద ఒకే వరుసలో, ఆగకుండా రావాలి. రోజూ మొదలుపెట్టే ముందు బ్లేడ్లు చూడాలి. ట్రేలో మిగిలిన, పెంకు పగిలి బయటికి రాలేకపోయిన గుడ్లనూ ఇదే మరలో వేయాలి. వాటిలో ప్రాణంతో ఉన్న పిల్లలు ఉంటాయి, చాలాచోట్ల అవి నేరుగా చెత్తలోకి పోతాయి.

కార్బన్ డయాక్సైడ్ చూడ్డానికి శుభ్రమైన పద్ధతి, కానీ పిల్లకి అంత తేలిక కాదు. పెంకు లోపల ఎక్కువ కార్బన్ డయాక్సైడ్‌కి అలవాటుపడి ఉంటుంది కాబట్టి పెద్దకోడి కన్నా ఎక్కువసేపు తట్టుకుంటుంది. దానికి 80 నుంచి 90 శాతం దాకా గాఢత కావాల్సి రావొచ్చని అమెరికా పశువైద్యుల సంఘం మార్గదర్శకాలు చెబుతాయి. సిలిండర్ నుంచి ఒక్కసారిగా వదిలితే రెగ్యులేటర్ గడ్డకట్టి ప్రవాహం తగ్గిపోతుంది, లోపల గాఢత అందదు. పిల్లల్ని పొరలు పొరలుగా పేరిస్తే అడుగువి వాయువు కన్నా బరువుకే పోతాయి. బయట వేసే ముందు చచ్చాయో లేదో పరీక్షించాలి. ఈ రెండింటిలో, బాగా చూసుకునే మరే మేలు.

కాక్రెల్‌గా పెంచడం

తమిళనాడులో లేయర్ పుంజుల్ని కాక్రెల్ పేరుతో పెంచి అమ్మే పద్ధతి చాలాకాలంగా ఉంది. రెండు, రెండున్నర నెలలకి కిలో అటూ ఇటూ తూగుతాయి. మాంసం గట్టిగా, బ్రాయిలర్ కన్నా నాటుకోడికి దగ్గరగా ఉంటుంది. లెక్క మాత్రం దాణా దగ్గర బిగుస్తుంది. బ్రాయిలర్ కిలో బరువుకి కిలోన్నర పైచిలుకు దాణా తింటే, ఇది దానికి రెట్టింపు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ తింటుంది. అందుకే పిల్ల దాదాపు ఉచితంగా వచ్చినా, కాక్రెల్ అని చెప్పి మంచి ధరకి కొనే దుకాణం చేతిలో లేకపోతే దిగకూడదు. నాటుకోడి అని అమ్మేస్తే నిలబడేది ఒక్కసారే.

పెంచేవాళ్లు హ్యాచరీని అడగాల్సిన మొదటి ప్రశ్న మారెక్స్ (కోళ్లకి వచ్చే ఒక వైరస్ జబ్బు) టీకా వేశారా అని. పెట్టపిల్లలకి మొదటిరోజే వేస్తారు, పుంజులకి ఆ ఖర్చు పెట్టడం లేదంటే వేయించి తీసుకోవాలి. ఆ తర్వాత వారంలోపు కొక్కెర తెగులుకి లసోటా టీకా, రెండో వారంలో గంబోరో జబ్బు టీకా, నాలుగో వారం దాటాక లసోటా మళ్లీ. పిల్లలకి వెచ్చదనమిచ్చే బ్రూడర్ వేడిని వారానికి 5 డిగ్రీలు తగ్గిస్తూ రావాలి. కింద పరిచిన పొట్టు (లిట్టర్) తడిస్తే మూడో వారం నుంచి రక్తపారుడు పట్టుకుంటుంది. అది నష్టపరిచేంతగా మార్కెట్ ధర కూడా నష్టపరచదు.

జర్మనీలో వీటిని "సోదర కోళ్లు" అనే అర్థం వచ్చే పేరుతో, గుడ్డు ధరలో కొంత కలిపి పెంచుతారు. వినియోగదారు ఆ అదనపు ధర ఇచ్చినంతవరకే అది నడుస్తుంది.

రెండు పనుల జాతి

రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ గుడ్డుకీ మాంసానికీ పనికొచ్చేలా రూపొందించిన వనరాజా జాతిలో పుంజుకీ విలువ ఉంది, పెరట్లో మాంసానికి పెరుగుతుంది. పెట్ట మాత్రం పెరటి పెంపకంలో ఏడాదికి 100, 110 గుడ్లే ఇస్తుంది. గ్రామప్రియ అనే మరో పెరటి జాతి 160 నుంచి 180 దాకా పెడుతుంది, పుంజు తందూరీకి పనికొస్తుంది. వాణిజ్య తెల్ల లేయర్ 300 దాటుతుంది. పెరటికి ఇవి చక్కటి జవాబు, లక్ష కోళ్ల షెడ్డుకి కావు.

గుడ్డులోనే తెలుసుకోవడం

జర్మనీ 2022 జనవరి 1 నుంచి పుంజుపిల్లల్ని చంపడం ఆపింది, ఫ్రాన్స్ మరుసటి ఏడాది నుంచి. దానికి దారి వేసింది యంత్రాలే. సెలెగ్ట్ పద్ధతిలో 9వ రోజు లేజర్‌తో పెంకుకి సన్నటి రంధ్రం చేసి, ఒక చుక్క ద్రవం తీసి హార్మోన్ చూస్తారు. ఆ గుడ్లు 2018లో బెర్లిన్ దుకాణాల్లోకి వచ్చాయి. మరో రకం యంత్రం 13వ రోజు ప్రాంతంలో గుడ్డు గుండా కాంతి పంపి ఈకల రంగు పోలుస్తుంది. గోధుమ రంగు లేయర్లలో పుంజు తెల్లగా, పెట్ట గోధుమగా ఉంటుంది కాబట్టే ఇది పనిచేస్తుంది.

మనకి ఇక్కడే చిక్కు. ఆంధ్ర, తెలంగాణ షెడ్లలో ఎక్కువగా ఉండేవి బీవీ-300 లాంటి తెల్ల కోళ్లు. వాటి పిల్లలన్నీ ఒకే రంగు, కాంతి యంత్రం పనికిరాదు. ఫ్రాన్స్ కూడా తెల్ల జాతికి మినహాయింపు ఇచ్చుకుంది. తెల్ల గుడ్డుకి కావాల్సింది ద్రవం తీసే పద్ధతి, లేదంటే జర్మనీ సంస్థ ఆర్బెమ్ చేసినట్టు పెంకు ముట్టకుండా ఎంఆర్‌ఐతో 12వ రోజు చూసే పద్ధతి. పిండానికి 13వ రోజుకి ముందు నొప్పి తెలియదని అక్కడి ప్రభుత్వం చేయించిన పరిశోధన తేల్చడంతో, 12వ రోజు వరకూ గుడ్డు పక్కన పెట్టడానికి చట్టం అనుమతిస్తోంది. అయినా ఏ యంత్రమూ నూటికి నూరు పట్టుకోదు. కొన్ని పుంజులు తప్పించుకుని పొదుగుతాయి, వాటికి పెంపకమో మరో దారో ముందే చూసి పెట్టుకోవాలి.

ఖర్చు సంగతి. పెట్టపిల్ల మీద 100 రూపాయలు అదనంగా పడిందనుకుందాం. 320 గుడ్లకి పంచితే గుడ్డుకి 31 పైసలు. వినేవాళ్లకి చిన్న మొత్తం, నెక్ (జాతీయ గుడ్ల సమన్వయ కమిటీ) రేటు పైసల్లో కదిలే రైతుకి లాభం మొత్తం అదే. అందుకే ఈ ఖర్చు రైతు తలమీద వేసి కూర్చుంటే యంత్రం ఇక్కడికి రాదు. జర్మనీలోనూ చట్టం వచ్చాక లేయర్ పిల్లల పొదుగుదల బాగా తగ్గింది, పొరుగు దేశాల నుంచి కోళ్లు తెచ్చుకోవడం పెరిగింది. గుడ్డు డబ్బా మీద ధర వేసే బ్రాండులూ, టోకున కొనే హోటళ్లూ ముందుగా ఒప్పందం చేసుకుని ఆ 31 పైసల్ని మోస్తే హ్యాచరీ పెట్టుబడి పెట్టగలదు.

అన్నీ చూస్తే పెద్ద హ్యాచరీకి గుడ్డులోనే తెలుసుకోవడం అన్నిటికన్నా మేలు, తెల్ల గుడ్డుకి సరిపోయే రకమైతేనే. అది వచ్చేదాకా గిరాకీ ఖాయమైన మేరకే టీకా వేసిన కాక్రెల్ ఇవ్వాలి, మిగిలిన వాటికి పర్యవేక్షణతో నడిచే మర వాడాలి. పిల్లలు కొనే రైతు కూడా ఆర్డరు ఇచ్చేటప్పుడు పుంజుల్ని ఏం చేస్తున్నారో రాతపూర్వకంగా అడగొచ్చు. మర ఉందంటే సామర్థ్యం గంటకి ఎంత, బ్లేడ్లు ఎప్పుడు మార్చారు, ట్రేలో మిగిలిన గుడ్లు ఎక్కడికి పోతున్నాయి అని అడగాలి. అమ్ముతున్నామంటే కొన్నవాళ్ల ఊరు, సంఖ్య, టీకా వివరం బిల్లు మీద ఉండాలి.