బూట్‌లోనే ర్యామ్‌కి హద్దు పెట్టాలంటే: అడ్రస్ లెక్కా, మొత్తం లెక్కా, ఏది మేలు?

మాదాపూర్‌లో మా ఆఫీసులో డెవలపర్ల మెషిన్లన్నీ 32 జీబీవి. కస్టమర్ల దగ్గర మా సాఫ్ట్‌వేర్ నడిచేది 4 జీబీ మెషిన్ల మీద. అందుకే టెస్టింగ్ కోసం ర్యామ్ తగ్గించే పని తరచూ పడుతుంటుంది. మొన్న కొత్తగా చేరిన ఒకబ్బాయి వచ్చి అడిగాడు: "అన్నా, బూట్ లైన్‌ల మెమ్=4జీ అని పెట్టిన. ఫ్రీ కొడితే మూడు కూడా చూపిస్తలేదు. ర్యామ్ ఖరాబైందా ఏంది?"

ర్యామ్ బాగానే ఉంది. (ఫ్రీ అనేది ర్యామ్ ఎంతుందో చూపే కమాండ్.) ఎక్స్86 (ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్ల) లైనక్స్‌లో కెర్నెల్‌కి, అంటే ఓఎస్ గుండెకాయకి, బూట్ అయ్యేటప్పుడు ఇచ్చే మెమ్=4జీ అంటే "4 జీబీ వాడుకో" అని కాదు, "4 జీబీ అడ్రస్ దాటి పోవద్దు" అని. కాలనీలో 40వ నంబరు దాకా పేపర్ వేయమంటే 40 ఇళ్లకు వేసినట్టు కాదు కదా. మధ్యలో పార్కు ఉంటే ఆ నంబర్లకు ఇళ్లే ఉండవు. ఇక్కడ ఆ పార్కు 4 జీబీకి కాస్త కింద పీసీఐ డివైస్‌ల (గ్రాఫిక్స్ కార్డు లాంటివాటి) కోసం వదిలిన జాగా. అక్కడ పట్టని ర్యామ్‌ని 4 జీబీ పై అడ్రస్‌లకు జరుపుతారు. ఆ ఖాళీ 3 నుంచి 4 జీబీ వరకు ఉందనుకుందాం. మెమ్=4జీ పెడితే దక్కేది 3 జీబీ. అందులోంచి ఫర్మ్‌వేర్ (బయాస్ లాంటి, బోర్డులోని తొలి ప్రోగ్రామ్) పట్టి ఉంచుకున్నదీ, కెర్నెల్ సొంతానికి వాడుకునేదీ పోతుంది. నిజంగా 4 కావాలంటే ఆ మెషిన్‌లో 5జీ అని రాయాలి. ఇంకో మెషిన్‌లో ఖాళీ సైజు వేరు, రాయాల్సిన అంకె కూడా వేరు.

ఇది కళ్లారా చూడాలంటే డీమెసెజ్ (కెర్నెల్ సందేశాలు చూపే కమాండ్) మొదటి వరసలు చాలు. ముందు ఫర్మ్‌వేర్ ఇచ్చిన ర్యామ్ మ్యాప్ ఉంటుంది, ఇ820 పట్టిక అని పిలిచేది. దాని కింద "యూజర్ డిఫైన్డ్" అని ఇంకో మ్యాప్ ఉంటుంది. మన కోత పడ్డాక మిగిలినది అదే. రెండింటిలోనూ "యూజబుల్" అని ఉన్న వరసల్ని కూడి చూస్తే ఎంత ఎక్కడ పోయిందో తెలిసిపోతుంది.

ఆర్మ్64లో, అంటే 64 బిట్ ఆర్మ్ ప్రాసెసర్లలో, అదే పారామీటర్ వేరే లెక్క. అక్కడ మెమ్‌బ్లాక్ అనే తొలిదశ అలొకేటర్ (ర్యామ్ పంచే భాగం) దగ్గర ర్యామ్ ముక్కల జాబితా అడ్రస్ వరసలో ఉంటుంది. కింద నుంచి ఒక్కో ముక్క సైజు కూడుకుంటూ వెళ్లి, మొత్తం మనం అడిగినంత అయిన చోట ఆగి, ఆ పైనున్నది తీసేస్తుంది. మధ్యలో ఎన్ని ఖాళీలున్నా లెక్క తప్పదు. పవర్‌పీసీ ప్రాసెసర్లలో కూడా మొత్తం లెక్కే.

నా ఓటు మొత్తం లెక్కకే. "4 జీబీ" అని రాసే మనిషి మనసులో ఉండేది అడ్రస్ కాదు, పరిమాణం. కోడ్ సులువుగా ఉండాలనుకున్నా ఒకే చిన్న లూప్ అన్ని ఆర్కిటెక్చర్లకూ సరిపోతుంది. అలాగని అడ్రస్ హద్దు అక్కర్లేదని కాదు. హైపర్‌వైజర్‌ని (వర్చువల్ మెషిన్లను నడిపే సాఫ్ట్‌వేర్‌ని) ఒక అడ్రస్ కిందే ఉంచి, పైదంతా గెస్టులకు (ఆ వర్చువల్ మెషిన్లకు) ఇచ్చేవాళ్లకు కావాల్సింది కచ్చితంగా అదే. తప్పల్లా రెండు అర్థాలకు ఒకే పేరు పెట్టడం. ఈ విషయంలో విండోస్ పద్ధతి నాకు నచ్చుతుంది: బీసీడీఎడిట్ అనే బూట్ సెట్టింగుల కమాండ్‌లో ట్రంకేట్‌మెమరీ అంటే అడ్రస్ హద్దు, రిమూవ్‌మెమరీ అంటే ఇన్ని ఎంబీలు తగ్గించడం. పేరు చూస్తేనే తెలిసిపోతుంది.

హద్దు పైన కాకుండా మధ్యలో ముక్క తీయాలంటే, అంటే మెమ్‌టెస్ట్ అనే ర్యామ్ పరీక్షలో ఒక చోట సెల్స్ పాడయ్యాయని తేలితే, మెమ్‌మ్యాప్= అనే ఇంకో బూట్ పారామీటర్ మేలు. సైజు రాసి, డాలర్ గుర్తు పెట్టి, అడ్రస్ రాస్తే ఆ భాగాన్ని కెర్నెల్ ముట్టుకోదు. కానీ ఆ డాలర్ దగ్గరే జాగ్రత్త! గ్రబ్ (లైనక్స్‌ని బూట్ చేసే ప్రోగ్రామ్) దాన్ని వేరియబుల్ అనుకుని మింగేస్తుంది, బ్యాక్‌స్లాష్‌లతో కాపాడాలి. మింగేస్తే మిగిలేది మెమ్‌మ్యాప్=64ఎం లాంటి మాట. ఎక్స్86లో దానికి అర్థం మెమ్=64ఎం అనే. 64 ఎంబీ పక్కన పెట్టమని అడిగితే 64 ఎంబీ మాత్రమే మిగిలిన మెషిన్ వస్తుంది, అది బూట్ కాదు. అందుకే ఫైల్‌లో రాసేముందు గ్రబ్ మెనూలో "ఇ" కొట్టి ఆ ఒక్క బూట్‌కే పెట్టి చూడాలి. ఆ తర్వాత ప్రాక్ కింద సీఎండీలైన్ ఫైల్‌లో (కెర్నెల్‌కి నిజంగా అందిన బూట్ లైన్ ఉండేది అందులోనే) డాలర్ ఉందో లేదో చూసుకోవాలి.

రెండు సాకెట్ల (రెండు ప్రాసెసర్ల) సర్వర్‌లో పెర్ఫార్మెన్స్ కొలిచేవాళ్లు మెమ్= జోలికి పోకపోవడమే మంచిది. కోత ఏ లెక్కన పడినా పై అడ్రస్ నుంచే పడుతుంది. సాధారణంగా రెండో సాకెట్ ర్యామ్ ఉండేది అక్కడే. అదంతా పోతే ఆ సాకెట్‌లోని కోర్లు ప్రతిదానికీ పక్క సాకెట్ ర్యామ్ దగ్గరికి పోవాలి. అలా వచ్చిన అంకెలు నిజమైన చిన్న మెషిన్ అంకెలు కావు.

గ్రాఫిక్స్ కార్డు లాంటి అసలు హార్డ్‌వేర్‌తో పని లేకపోతే క్యూఈఎంయూ వీఎం (వర్చువల్ మెషిన్) హాయి. అక్కడ 4జీ అంటే నాలుగూ ఇస్తుంది, ఖాళీ కింద పట్టనిది పైన పెడుతుంది. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌కి వెళ్లి 4 జీబీ స్టిక్ తెచ్చి మార్చడం అన్నిటికన్నా నమ్మకమైన పద్ధతే, కానీ ర్యామ్ బోర్డుకే అతికించిన ల్యాప్‌టాప్‌లో అది కుదరదు.

ఒక్క ప్రోగ్రామ్‌నే కట్టడి చేయాలంటే రీబూట్ కూడా అక్కర్లేదు. సీగ్రూప్‌లో (ప్రోగ్రామ్‌లకు హద్దులు పెట్టే కెర్నెల్ సదుపాయంలో) మెమరీమ్యాక్స్ పెడితే సరి. దాంతోపాటు మెమరీస్వాప్‌మ్యాక్స్ సున్నా చేయాలి, లేకపోతే ప్రోగ్రామ్ చావకుండా స్వాప్‌లోకి (ర్యామ్‌కి బదులు వాడే డిస్క్ జాగాలోకి) జారుకుంటుంది. ఫ్రీలో మాత్రం 32 జీబీయే కనిపిస్తుంది. మొత్తం ర్యామ్ చూసి తన క్యాష్ సైజు తేల్చుకునే సాఫ్ట్‌వేర్ దాన్ని నమ్మి, హద్దు దాటి, ఓఓఎం కిల్లర్ (మెమరీ చాలనప్పుడు ప్రోగ్రామ్‌లను చంపే కెర్నెల్ భాగం) చేతిలో పడుతుంది. మాది అలాంటి సాఫ్ట్‌వేరే. అందుకే ఆ అబ్బాయికి మెమ్=5జీ అనే చెప్పాను, తన మెషిన్ మ్యాప్ కూడి చూసుకున్నాకే.